వస పోస్తే మాటలొస్తాయా?

మా వాడికి ఇరవై రెండు నెలలొచ్చినా నాలుగే మాటలుండేవి. అమ్మ, తాత, టాటా, ఇంకోటి "ఊఁ". ఆ నాలుగోదాన్ని మాట అనొచ్చో లేదో తెలీదు కానీ లెక్కలో వేసేసుకున్నాం, లేకపోతే మూడే అవుతాయి కదా. మా అత్తయ్య తెనాలి నుంచి ఫోన్ చేసి మొట్టమొదట అడిగింది "పురిట్లో వస పోశారా లేదా" అనే. తెలుగిళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు, వసకొమ్ము సాన మీద అరగదీసి తేనెలోనో తల్లిపాలలోనో రంగరించి బిడ్డ నాలిక్కి రాస్తే మాటలు గబగబా వచ్చేస్తాయంటారు, అందుకే వాగుడుకాయల్ని వసపిట్ట అంటాం, "చిన్నప్పుడు నీకు వస ఎక్కువ పోశారే" అని ఏడిపిస్తాం. మేం పోయలేదు. పిల్లల డాక్టర్ ముందే వద్దన్నారు, అందులో బీటా ఆసరోన్ అని ఒక పదార్థం ఉంటుందట అది మంచిది కాదని, ఏడాదిలోపు తేనె అసలే వద్దని. అమెరికాలో 1968లోనే వసని తినేవాటిల్లో కలపకూడదని ఆపేశారు.

వస సంగతి అలా ఉంచితే అత్తయ్య ప్రశ్న మాత్రం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. పిల్లలకి మాటలు అసలు ఎక్కడ్నుంచి వస్తాయి, అందులో మనం మాట్లాడేదాని వాటా ఎంత? "పిల్లాడితో ఎక్కువ మాట్లాడండి" అని అందరూ చెప్తారు, డాక్టర్ చెప్తారు, ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డులు చెప్తాయి, లిఫ్ట్‌లో కలిసిన పైఫ్లోర్ ఆంటీ కూడా చెప్తుంది. ఎక్కువ అంటే ఎంత, ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి, అది మాత్రం ఎవరూ చెప్పరు. నేనేమో పొద్దున లేచిన దగ్గర్నుంచి వాడితో మాట్లాడుతూనే ఉన్నానని నా నమ్మకం. అది ఉత్త నమ్మకమేనని తర్వాత తేలింది, ఆ కథకి వస్తా.

ఈ సలహాలన్నిటి వెనకా ఒక నంబర్ ఉంది, మూడు కోట్ల మాటలు. అమెరికాలో కాన్సస్ సిటీలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు పరిశోధకుల టీమ్ 42 కుటుంబాల ఇళ్ళకి నెలకో గంట చొప్పున రెండున్నరేళ్ళ పాటు టేప్ రికార్డర్ పట్టుకుని తిరిగింది. ఆ టేపులన్నీ కూర్చుని రాసి లెక్కపెట్టడానికి ఇంకొన్నేళ్ళు పట్టి 1995లో పుస్తకం వేశారు. పెద్ద ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల ఇంట్లో బిడ్డ గంటకి సగటున 2,153 మాటలు వింటోంది, మామూలు పనులు చేసుకునేవాళ్ళ ఇంట్లో 1,251, ప్రభుత్వ సాయం మీద బతికే ఇళ్ళల్లో 616. దీన్ని రోజూ బిడ్డ మేలుకుని ఉండే గంటలతో, ఏడాదిలో రోజులతో గుణించుకుంటూ పోతే నాలుగేళ్ళొచ్చేసరికి ఉన్నవాళ్ళ బిడ్డకీ లేనివాళ్ళ బిడ్డకీ మధ్య మూడు కోట్ల తేడా తేలుతుంది. అంటే ఎవరూ లెక్కపెట్టిన మూడు కోట్లు కాదు, గుణిస్తే వచ్చిన మూడు కోట్లు. పైగా ఆ లేనివాళ్ళ ఇళ్ళు ఎన్నంటే ఆరు. ఆరంటే ఆరే, ఆరూ నల్లజాతి కుటుంబాలే. పరాయి మనిషి రికార్డర్ పెట్టుకుని మూల కూర్చుంటే ఎవరు ఎంత మాట్లాడతారో మనకి తెలీనిదా, ఇంటికి చుట్టాలొస్తే కొందరికి గొంతు లేస్తుంది, కొందరికి ఉన్న మాట కూడా పడిపోతుంది.

తర్వాత వేరేవాళ్ళు కూడా లెక్క చూశారు. పిల్లల చొక్కా జేబులో పట్టే చిన్న రికార్డర్ ఒకటి వచ్చింది, లీనా అంటారు, పొద్దున్నుంచి రాత్రి దాకా అదే రికార్డ్ చేసుకుని పెద్దవాళ్ళ మాటలెన్ని, బిడ్డ శబ్దాలెన్ని అని లెక్క తీసి ఇస్తుంది. దాంతో 2017లో చూస్తే అమ్మల చదువుని బట్టి తేడా ఉంది కానీ నాలుగేళ్ళకి దాదాపు నలభై లక్షలే. మూడు కోట్లు ఎక్కడ, నలభై లక్షలెక్కడ! 2018లో స్పెర్రీ దంపతులు, పెగ్గీ మిల్లర్ కలిసి ఐదు ఊళ్ళ, పేటల పిల్లల రికార్డింగులు తీసి చూస్తే పేద కుటుంబాల్లోనే ఒక చోటికీ ఇంకో చోటికీ బోలెడంత తేడా కనిపించింది, అమ్మతో పాటు అమ్మమ్మ, పిన్ని, అన్నలు, పక్కన కూర్చుని కబుర్లాడుకునేవాళ్ళ మాటలు కూడా కలిపితే పేద పిల్లల చెవిన పడే మాటలు తక్కువేం కాదని తేలింది. మన ఉమ్మడి కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి ఇదేం వింత కాదు.

అయితే "పక్కన పడే మాటలు" లెక్కలోకొస్తాయా రావా అన్నదగ్గరే పెద్ద తగువు. స్టాన్‌ఫర్డ్‌లో ఏడ్రియానా వైస్‌లెడర్, ఆన్ ఫెర్నాల్డ్ 2013లో అమెరికాలో ఉండే 29 స్పానిష్ కుటుంబాల పిల్లలకి ఆ రికార్డర్ తొడిగి చూశారు, అందరూ ఇంచుమించు ఒకే ఆదాయం వాళ్ళే. ఒక ఇంట్లో బిడ్డతో నేరుగా రోజు మొత్తంలో మాట్లాడింది 670 మాటలు, ఇంకో ఇంట్లో పన్నెండు వేలు దాటాయి. డబ్బులో తేడా లేదు, మాటల్లో ఇంత తేడా. బిడ్డతో నేరుగా ఎక్కువ మాట్లాడిన ఇళ్ళల్లో రెండేళ్ళకి ఆ పిల్లలకి ఎక్కువ మాటలొచ్చాయి, విన్న మాటని టక్కున పట్టుకోవడం కూడా వచ్చింది. పెద్దవాళ్ళు వాళ్ళల్లో వాళ్ళు మాట్లాడుకున్నదాని ప్రభావం మాత్రం ఏమీ కనపడలేదు. అంటే నేను ఫోన్లో మా చెల్లితో గంటసేపు మాట్లాడితే, ఒళ్ళో వాడు కూర్చుని ఉన్నా సరే, అది వాడి ఖాతాలో పడదు.

ఇక నా సంగతి. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ రెండు పనులు చెప్పింది. ఒకటి, ముందు చెవి టెస్ట్ చేయించండి. రెండు, ఇంట్లో ఏదో ఒక పూట అరగంట ఫోన్లో ఆడియో రికార్డ్ చేసి మీరే వినండి, నాకు పంపక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు రికార్డ్ చేశా, రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. నా గొంతు ఆపకుండా వినిపిస్తూనే ఉంది, అందులో అనుమానం లేదు. "నోరు తెరువు. ఆఁ అను. మింగు. ఉమ్మొద్దు. ఉమ్మితే కొడతా. ఇటు చూడు. ఇదే లాస్ట్ ముద్ద. ఇంకొక్కటి, ఇదే లాస్ట్." ఆ లాస్ట్ ముద్దలు తొమ్మిది లెక్కపెట్టా. వెనకాల ట్యాబ్‌లో ఇంగ్లీష్ రైమ్స్ మోగుతున్నాయి, అది లేకపోతే నోరు తెరవడని. సగం అయ్యాక ఎక్కడో వాడి గొంతు, "ఊఁ?" కాసేపాగి ఇంకోసారి కాస్త గట్టిగా "ఊఁ?" ఆ క్షణం నాకు గుర్తుంది, బాల్కనీ వల మీద పావురం వాలింది, వాడు చెయ్యి చూపించాడు. నేనేమన్నానంటే, "ముందు మింగు."

హార్ట్, రిస్లీ పుస్తకంలో అందరూ మోసే నంబర్ మూడు కోట్లు కానీ నాకు గుచ్చుకున్నది వేరేది. గంటలో బిడ్డని మెచ్చుకున్నట్టో ప్రోత్సహించినట్టో అన్న మాటలెన్ని, వద్దు, ఆపు, తప్పు అన్నవెన్ని అని కూడా వాళ్ళు లెక్కపెట్టారు. ఉద్యోగస్తుల ఇళ్ళల్లో 32 మెచ్చుకోళ్ళకి 5 కసుర్లు, ప్రభుత్వ సాయం మీద ఉన్న ఇళ్ళల్లో 5 మెచ్చుకోళ్ళకి 11 కసుర్లు. ఆ చివరి లెక్కకి మళ్ళీ ఆరిళ్ళే ఆధారం కాబట్టి దాన్ని పట్టుకుని ఎవర్నీ ఏమీ అనకూడదు. కానీ నేను ఉద్యోగం చేసే తల్లినే, ఆ అరగంటలో నా లెక్క ఏ వరసలో పడుతుందో నాకు తెలుసు.

ఆ "ఊఁ?" గురించే అసలు చెప్పాల్సింది. మైకేల్ గోల్డ్‌స్టీన్ అని ఒకాయన, ఆయన టీమ్, 2003లో ఎనిమిది నెలల పిల్లల్ని, అమ్మల్ని ఒక ఆటగదిలో కూర్చోబెట్టి అమ్మలకి హెడ్‌ఫోన్స్ ఇచ్చారు. సగం మంది అమ్మలకి బిడ్డ ఏదైనా శబ్దం చేసిన వెంటనే దగ్గరికి జరగండి, నవ్వండి, ముట్టుకోండి అని చెప్పారు. మిగతా సగానికీ అన్నిసార్లే చెప్పారు కానీ బిడ్డ శబ్దంతో సంబంధం లేకుండా, ఏదో ఒక టైములో. మొదటి గుంపు పిల్లల ఊకొట్టడం కాసేపట్లోనే మారిపోయింది, బా, దా అన్నట్టు మాటకి దగ్గరగా ఉండే శబ్దాలు ఎక్కువయ్యాయి. రెండో గుంపులో అది లేదు. ఇక్కడ అమ్మలు చేసింది మాట కూడా కాదు చూడండి, నవ్వు, స్పర్శ, అంతే. బిడ్డకి అర్థమైంది ఏంటంటే నేను శబ్దం చేస్తే అక్కడ ఏదో జరుగుతోంది అని. చెమ్మచెక్క ఒక్కళ్ళే ఎలా ఆడతారు, అవతల చెయ్యి రావాలి కదా, సరిగ్గా ఆ టైముకే రావాలి.

2018లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో రేచల్ రోమియో వాళ్ళు నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు 36 మందికి ఇంట్లో రికార్డర్ తొడిగి, తర్వాత వాళ్ళు కథ వింటుంటే మెదడు స్కాన్ తీశారు. మాట పలికించడంలో పనిచేసే బ్రోకా ప్రాంతం అని మెదడులో ఎడమవైపు ఉంటుంది, అది ఎవరిలో చురుగ్గా ఉందంటే ఎక్కువ మాటలు విన్న పిల్లల్లో కాదు, ఎక్కువసార్లు మాటకి మాట నడిచిన పిల్లల్లో, వాడొకటి అంటే అమ్మొకటి, మళ్ళీ వాడొకటి అన్నమాట. ఆ ఇంటి ఆదాయంతో సంబంధం లేకుండా. నాకు ఇంతకన్నా భయం వేసిన ప్రయోగం ఇంకోటుంది, చాలా చిన్నది. 2017లో రెండేళ్ళ పిల్లలకి అమ్మలు చెరో రెండు కొత్త మాటలు నేర్పాలి. ఒక మాట నేర్పేటప్పుడు ఏ అడ్డూ లేదు, రెండోది నేర్పుతుంటే మధ్యలో ఫోన్ మోగుతుంది, అమ్మ ఎత్తి మాట్లాడి మళ్ళీ నేర్పడం మొదలుపెడుతుంది. రెండు మాటలూ బిడ్డకి వినిపించింది అన్నేసిసార్లే. అడ్డు లేనిది నేర్చుకున్నారు, ఫోన్ మోగినది నేర్చుకోలేదు. అన్నం పెట్టేటప్పుడు ఆఫీస్ గ్రూపులో మెసేజ్ చూసుకోవడం నాకు అలవాటు, ఆ రోజు నుంచి ఫోన్ ఫ్రిజ్ మీద పెడుతున్నా. రోజూ కాదులెండి, కుదిరిన రోజు.

ఇదంతా మాట మొదలయ్యాక సంగతి, అంతకు చాలా ముందే చెవిలో పని మొదలవుతుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల పిల్లలు కూడా వేరే ఆడవాళ్ళ గొంతు కంటే అమ్మ గొంతు వినడానికే ఇష్టపడతారని 1980లోనే చూశారు, కడుపులో ఉండగానే వినుంటారు కదా మరి. తెలుగువాళ్ళం అందరం తెలుసుకోవాల్సింది మన త, ట గురించి. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ఇంగ్లీష్ ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకి హిందీలోని త, ట లాంటి శబ్దాలు వినిపించారు. ఇంగ్లీష్‌లో ఈ తేడా లేదు, పెద్దవాళ్ళకి రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా ఇట్టే పట్టేశారు, అదే పది పన్నెండు నెలలొచ్చేసరికి చాలామంది పట్టలేకపోయారు. అంటే ప్రతి బిడ్డా అన్ని భాషలకీ తయారుగా పుట్టి, ఏడాది తిరిగేలోపు ఇంట్లో వినపడని తేడాల్ని వదిలేసుకుంటూ వస్తుంది. అలా అని తలుపు పూర్తిగా మూసుకుపోదు, తర్వాత తియ్యడానికి బలం ఎక్కువ కావాలి అంతే. డల్లాస్‌లో ఉండే మా తోడికోడలి కూతురు తాతని "టాటా" అంటే అందరం ముచ్చటపడి నవ్వుతాం, కానీ ఆ పిల్ల చెవికి ఆ రెండింటి మధ్య గీత ఉందో లేదో అని నాకిప్పుడు అనిపిస్తుంటుంది.

ఇంకో విచిత్రం, మనం మాటకీ మాటకీ మధ్య గ్యాప్ ఇవ్వం. రాసేటప్పుడు ఇస్తాం గానీ నోట్లో "అమ్మొచ్చింది", "అమ్మేది", "అమ్మకిచ్చేయ్" అన్నీ గొలుసే. అందులో "అమ్మ" ఒక ముక్క అని బిడ్డకెలా తెలుస్తుంది? 1996లో జెనీ సాఫ్రాన్ వాళ్ళు ఎనిమిది నెలల పిల్లలకి అర్థం పర్థం లేని అక్షరాల్ని ఏ విరామం లేకుండా రెండే రెండు నిమిషాలు వినిపించి చూస్తే, ఏ అక్షరం తర్వాత ఏది ఎక్కువసార్లు వస్తోందో ఆ పిల్లలు పట్టేసుకున్నారు. నోట్లో పళ్ళు రాని బుడతలు బుర్రలో లెక్కలు కడుతున్నారు. వాళ్ళకి కావాల్సిందల్లా కట్టడానికి సరుకు.

ఇక్కడే బువ్వ గొడవ. మా ఆయనకి "బువ్వ, లాల, జోజో" అంటే మంట, "ఇప్పుడు బువ్వ అని నేర్పి రేపు మళ్ళీ అన్నం అని నేర్పాలి, ఎందుకీ డబుల్ పని" అంటారు. చార్లెస్ ఫెర్గూసన్ 1964లోనే ఆరు భాషల్లో ఇలాంటి ముద్దు మాటల్ని పోల్చి చూశాడు, అరబిక్, మరాఠీ, ఇంగ్లీష్, స్పానిష్, ఇంకా అమెరికా ఆదివాసుల కొమాంచీ, సైబీరియా వైపు మాట్లాడే గిల్యాక్. ఎక్కడెక్కడివో అయిన ఈ భాషలన్నిట్లోనూ ఒకటే తంతు, సులువు అక్షరాలు, ఒకే అక్షరం రెండుసార్లు, తిండికి స్నానానికి నిద్రకి కుక్కకి ఒక్కో పొట్టి మాట. ఇవి పిల్లలు పుట్టించినవి కావు, పెద్దవాళ్ళు తరతరాలుగా దాచుకుని అందించేవి. మా అమ్మమ్మ మా అమ్మకి చెప్పిన బువ్వే నేను వీడికి చెప్తున్నా. ఇక ఆ సాగదీసి రాగంలా మాట్లాడ్డం, "ఏంట్రాఆఆ కన్నా, ఎవరొచ్చాఆఆరు" అని, అది పిల్లలకి మామూలు మాట కంటే ఎక్కువ నచ్చుతుందని 67 ల్యాబులు కలిసి 2,329 మంది పిల్లల మీద చూసి 2020లో చెప్పాయి. సియాటిల్‌లో అదే ఏడాది బయటికొచ్చిన ఇంకో పనిలో, లాటరీ తీసినట్టు కొన్ని కుటుంబాల్ని ఎంచుకుని వాళ్ళకి ఇలా రాగం తీసి మాట్లాడ్డం, బిడ్డకి వంతు ఇవ్వడం గురించి బిడ్డ ఆరో నెల నుంచి మూడుసార్లు కోచింగ్ ఇస్తే, పద్దెనిమిది నెలలకి ఆ పిల్లలకి సుమారు 100 మాటలు, కోచింగ్ లేనివాళ్ళకి 60. ఈ లాటరీ సంగతి ముఖ్యం ఎందుకంటే, బాగా మాట్లాడే అమ్మానాన్నలు పిల్లలకి మాటలతో పాటు జన్యువులు కూడా ఇస్తారు కదా, ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం. లాటరీ తీస్తే ఆ పేచీ చాలావరకు పోతుంది.

నా తీర్పు ఏంటంటే బువ్వ అనొచ్చు, రాగం తియ్యొచ్చు, కానీ వాడు "తొక్కా" అన్నాడు కదా అని మనం కూడా చొక్కాని తొక్కా అనక్కర్లేదు. వాడికి వినపడాల్సింది సరైన మాటే. మా ఆయన ఒప్పుకోలేదు, లాల మాత్రం ఆయన నోట్లోంచే ముందొచ్చింది.

లాల గురించి ఇంకో మాట. ఎంఐటీలోనే డెబ్ రాయ్ అనే ఆయన 2005లో కొడుకు పుట్టినప్పుడు ఇల్లంతా పైకప్పుకి కెమెరాలు, మైకులు బిగించేశాడు, మూడేళ్ళు దాదాపు మొత్తం రికార్డ్ చేశాడు, పిల్లాడి నోట "గాగా" మెల్లమెల్లగా "వాటర్" ఎలా అయ్యిందో ముక్కముక్కలు అతికించి వినిపించాడు. ఇలాంటి మనిషితో కాపురం ఎలా చేసిందో వాళ్ళావిడ, అది వేరే సంగతి. 2015లో ఆ రికార్డింగుల నుంచి తేలింది ఏంటంటే బిడ్డ ఏ మాట ముందు నేర్చుకుంటాడన్నది ఎన్నిసార్లు విన్నాడన్న దానికంటే, ఆ మాట ఒక ప్రత్యేకమైన చోట, ప్రత్యేకమైన టైములో, ప్రత్యేకమైన పని మధ్యలో వినపడిందా అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. మన లాల అచ్చంగా అదే, బాత్రూమ్‌లో, నీళ్ళ చప్పుడు మధ్య, ఒంటి మీద బట్టల్లేనప్పుడు తప్ప ఇంకెక్కడా వినపడదు. ఫ్లాష్‌కార్డులో జిరాఫీ బొమ్మ ఇంట్లో ఏ పనికీ అతుక్కోదు.

స్క్రీన్ల గురించి అందరికీ తెలిసిందే కాబట్టి తిట్టను, కానీ ఎందుకు పనిచెయ్యదో చెప్తా. పట్రిషియా కూల్ 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి పన్నెండుసార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు, చైనీస్ మాట్లాడే మనుషులతో ఆడించింది. ఆ పిల్లలు చైనీస్ శబ్దాల తేడాలు పట్టేశారు. ఇంకో గుంపుకి అవే మనుషుల్ని టీవీలో చూపించారు, ఇంకో గుంపుకి గొంతు మాత్రమే వినిపించారు. సున్నా. చెవిటి తల్లిదండ్రులకి పుట్టిన, చెవులు బాగానే వినపడే జిమ్ అనే పిల్లాడి కథ 1981లో రాశారు, ఇంట్లో టీవీ బోలెడు చూశాడు, మూడేళ్ళు దాటినా వాడి మాట గాడిలో పడలేదు, మనుషులు వచ్చి మాట్లాడ్డం మొదలెట్టాకే అందుకున్నాడు. టీవీ ఎంత మాట్లాడినా పిల్లాడు "ఊఁ?" అంటే దానికి వినపడదు. అయితే స్క్రీన్ అంటే అన్నీ ఒకటి కాదు. 2014లో రెండేళ్ళ పిల్లలకి వీడియో కాల్లో కొత్త మాటలు నేర్పితే ఎదురుగా మనిషున్నట్టే నేర్చుకున్నారు, అదే వీడియో రికార్డ్ చేసి పెడితే నేర్చుకోలేదు. తెనాలి నుంచి అత్తయ్య వాట్సాప్‌లో రోజూ "కన్నా, ఆ చేతిలో ఏంట్రా" అని అడగడం రైమ్స్‌తో సమానం కాదన్నమాట, ఆవిడకి వీడి చెయ్యి కనిపిస్తోంది. ఆస్ట్రేలియాలో 220 కుటుంబాల్ని చూసి 2024లో చెప్పింది ఇంకోటి, మూడేళ్ళ పిల్లలకి ఒక్కో నిమిషం స్క్రీన్ పెరిగినకొద్దీ పెద్దవాళ్ళ మాటలు ఆరేడు, ఎదురుబొదురు మాటలు ఒకటి చొప్పున తగ్గాయని. రైమ్స్ పిల్లాడి బుర్ర పాడుచెయ్యడం కంటే నా నోరు మూయించడమే ఎక్కువ చేసిందని నా రికార్డింగే సాక్ష్యం.

మరీ గాభరా పడాల్సింది కూడా లేదు. మెక్సికోలో త్సెల్తాల్ మాయా పల్లెల్లో పెద్దవాళ్ళు పసిబిడ్డతో నేరుగా మాట్లాడేది గంటకి నాలుగు నిమిషాలు కూడా ఉండదు, అయినా ఆ పిల్లలు ఊకొట్టడం, మొదటి మాట, రెండు మాటలు కలపడం అన్నీ టైముకే చేస్తారు. బొలీవియా త్సిమానే తెగ వాళ్ళల్లో ఒకసారి లెక్కేస్తే గంటకి ఒక నిమిషం కూడా దాటలేదు. కాబట్టి మాటలు రావడం వేరు, ఎన్ని మాటలొచ్చాయి, ఎంత చురుగ్గా వచ్చాయి అన్నది వేరు. మొదటిది దాదాపు ఏ ఇంట్లోనైనా జరిగిపోతుంది, అమ్మానాన్నల మాట ప్రభావం రెండోదాని మీద ఎక్కువ. వ్యాకరణం కూడా అంతే, రోజర్ బ్రౌన్ వాళ్ళు 1970లోనే చూశారు, పిల్లలు తప్పుగా మాట్లాడితే అమ్మానాన్నలు సరిదిద్దరు, అబద్ధం చెప్తేనే సరిదిద్దుతారు. మా వాడు "నాన్న వచ్చింది" అంటాడు, నేను "తప్పు, వచ్చాడు అనాలి" అంటే మొహం చిన్నబుచ్చుకుని నోరు మూసేసుకుంటాడు, అదే "అవునా, నాన్న వచ్చాడా! ఏం తెచ్చాడు?" అంటే "సంచి తెచ్చింది" అంటాడు. ఇంకా "తెచ్చింది"లోనే ఉన్నాడు కానీ మాట ముందుకెళ్ళింది.

ఇంగ్లీష్ సంగతి చెప్పకుండా దీన్ని వదల్లేను. మేం పంపిన ప్లేస్కూల్లో వాళ్ళు చెప్పారు, "ఇంట్లో రెండు భాషలు మాట్లాడ్డం వల్లే కన్ఫ్యూజ్ అవుతున్నాడు, ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడండి" అని. రెండు భాషల వల్ల మాట ఆలస్యం అవ్వదు. రెండు భాషల పిల్లలకి ఒక్కో భాషలో మాటలు తక్కువ కనిపించొచ్చు, రెండూ కలిపి లెక్కేస్తే మిగతా పిల్లలతో సమానంగానే ఉంటాయని 1990లలోనే తేలింది. అప్పుడు మాకు తెలీక మూడు నెలలు ఇంగ్లీష్ మాట్లాడాం. మాట్లాడాం అనడం కూడా తప్పే, "నోస్ ఎక్కడుంది, ఐస్ చూపించు, కమ్ కమ్, వాటర్ డ్రింక్ చెయ్యి", అంతే. నాకు ఆఫీసులో ఇంగ్లీష్ వచ్చు, పావురం గూడు ఎందుకు కడుతుందో, మా నాన్న చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద కాలవకట్టకి ఎలా తీసుకెళ్ళేవాడో రెండేళ్ళవాడికి ఇంగ్లీష్‌లో చెప్పడం నాకు రాదు. ఏ భాషలో నాకు పది రకాలుగా చెప్పడం వచ్చో ఆ భాషలోనే వాడి "ఊఁ?"కి జవాబు పుడుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి లెక్క ఇంకోలా ఉంటుంది, బయటంతా ఇంగ్లీషే కాబట్టి. బెల్జియంలో అనిక్ డి హౌవర్ దాదాపు 1,900 కుటుంబాల్ని చూస్తే ఇంట్లో వేరే భాష ఉన్నా నాలుగో వంతు పిల్లలకి ఆ భాష మాట్లాడ్డం రాలేదు. అమ్మ ఒక భాష, నాన్న ఒక భాష అని పంచుకున్న ఇళ్ళల్లో నాలుగింట మూడొంతులకే ఇంటి భాష వచ్చింది, ఇద్దరూ ఇంటి భాష మాట్లాడిన చోట ఇంకా బాగా వచ్చింది.

మా వాడికి ఇప్పుడు మూడున్నర. నోరు మూయడు. మేం మారినందుకే మాటలొచ్చాయా, వాటంతట అవి వచ్చే టైమొచ్చి వచ్చాయా అంటే ఒక్క పిల్లాణ్ణి పట్టుకుని చెప్పడం కుదరదు, ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారు. కానీ "మగపిల్లలు లేటే, వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళకి మాట్లాడాడు" అని కూర్చోవద్దు. ఏడాదికి బా, దా అని ఊకొట్టడం, వేలు పెట్టి చూపించడం లేకపోయినా, పదహారు నెలలకి ఒక్క మాట లేకపోయినా, రెండేళ్ళకి "అమ్మ దా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు సొంతంగా కలపకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా, వెళ్ళి చూపించాలి, మొదట చెవి. ప్రభుత్వం 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని చూస్తుంది, వినికిడి లోపం, మాట ఆలస్యం కూడా ఆ లిస్టులో ఉన్నాయి, అక్కడ్నుంచి జిల్లాలో ఉండే డైస్ సెంటర్‌కి, అంటే పిల్లల్లో ఇలాంటి ఇబ్బందుల్ని తొందరగా పట్టి చూసే చోటికి, పంపిస్తారు, ఫ్రీనే. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ సెంటర్ కూడా ఉంది, వాళ్ళ పనే ఇది. బెరా అని వినికిడి చూసే టెస్ట్ రాస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, బిడ్డ నిద్రపోతుంటేనే చేస్తారు, మా వాణ్ణి నిద్రపుచ్చడానికి రెండున్నర గంటలు పట్టింది, టెస్టేమో అరగంట, కాబట్టి ముందురోజు రాత్రి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టి, దార్లో కార్లో కునుకు తియ్యకుండా చూసుకుని తీసుకెళ్ళండి.